పై వరస కీరాలు

బిళ్ళక్క రోజుకి ఆరు వందల కీరాలు చేత్తో పట్టుకుంటుంది. ఇంట్లో మాత్రం కీరా ముక్క ముట్టదు. ఎవరైనా వడ్డిస్తే కంచం అంచుకి నెట్టేస్తుంది. "ఆఫీసు ఫైళ్ళని ఇంటికి తెచ్చుకుని తింటారా ఎవరైనా?" అంటుంది.

ఆమె కూరగాయల గోడౌనులో గ్రేడరు. నగరంలో డెబ్భై రెండు దుకాణాలకు సరుకు పంపే కంపెనీ అది. ఉదయం ఆరున్నరకి షట్టరు లేస్తుంది. ఎప్పుడూ తడిగా ఉండే సిమెంటు ప్లాట్‌ఫారం, మూలన నీళ్ళ పైపు, గోడవారన రేకు బల్ల, దాని మీద తెల్ల పలక. రైతుల లారీలు వరసగా వెనక్కి తిరిగి ప్లాట్‌ఫారానికి ఆనుకుంటాయి. బిళ్ళక్క లారీలోకి తొంగి చూసి ఐదు క్రేట్లు వేలితో చూపిస్తుంది. ఒక్కో క్రేటులోంచి నాలుగు కాయలు తీస్తుంది. కాయని పలక మీద బోర్లా పెట్టి, ఏప్రాన్ జేబులోని స్టీలు బిళ్ళని దాని నడుము కింద దూర్చి చూస్తుంది. చిటికెన వేలంత మందం బిళ్ళ అది. దూరిందంటే కాయ వంకర. ఇరవై కాయల్లో రెండు వంకరైతే ఊరుకుంటుంది. మూడోది తేలిందంటే లోడు మొత్తం వెనక్కి. ఆ బిళ్ళ వల్లే ఆమెకి ఆ పేరు. అసలు పేరు జీతం కాగితాల్లో ఉంది.

కాయ ఎందుకు తిన్నగా ఉండాలో కంపెనీ దగ్గర సమాధానం ఉంది. తిన్నటి కాయలైతే క్రేటుకి అరవై పడతాయి, వంగినవైతే నలభై ఐదు. ప్లాస్టిక్ కాగితం చుట్టే మెషీన్ వంకర కాయకి ఇరుక్కుంటుంది. కొనేవాళ్ళు చేతిలోకి తీసుకుని మళ్ళీ పెట్టేస్తారు. కాయ ఎందుకు వంగుతుందో రైతుల దగ్గర సమాధానం ఉంది. తిన్నగా సాగాలంటే నీళ్ళు దండిగా పెట్టాలి, పూత మీద హార్మోను మందు కొట్టాలి. నీళ్ళు తగ్గించి మందు మానేసిన పొలంలో నాలుగు కాయల్లో ఒకటి వంగుతుంది. రుచి ఒకటే. ఈ రెండు సమాధానాలూ ప్లాట్‌ఫారం దగ్గర ఎదురుపడినప్పుడు గెలిచేది ఎప్పుడూ మొదటిదే.

ఆ సంగతి బిళ్ళక్కకి ప్లాట్‌ఫారం పైనుంచీ తెలుసు, కిందనుంచీ తెలుసు.

పదమూడేళ్ళ కిందట ఆమె కింద ఉండేది. మొగుడూ పెళ్ళాం ఐదెకరాలు కీరా వేసేవాళ్ళు. మొగుడికి బోరు మీద బెంగ. నీళ్ళు ఏటా లోపలికి పోతున్నాయని డ్రిప్ పెట్టాడు, వరసల మధ్య ఎండుగడ్డి పరిచాడు, మందు మానేశాడు. ఆ ఏడు సగం నీళ్ళతో పంట వచ్చింది. వంకరగా వచ్చింది. ఒకే సీజన్‌లో మూడుసార్లు లారీ వెనక్కి వచ్చింది.

వెనక్కి పంపింది అప్పటి గ్రేడరు. అందరూ పెద్ద గ్రేడరు అనేవాళ్ళు. పొడుగ్గా, చొక్కా నలగకుండా ఉండేవాడు. చెయ్యి పడితే కాయ బరువు గ్రాముల్లో చెప్పేవాడు. మాటలో చమత్కారం ఉండేది. ఆ చమత్కారం ఎప్పుడూ కింద నిలబడినవాడి మీదే పడేది.

మూడోసారి లారీ తిప్పి పంపిన రోజు బిళ్ళక్క క్యాబిన్‌లో కూర్చుని ఉంది, ఒళ్ళో టిఫిన్ డబ్బా పెట్టుకుని. కింద మొగుడు పెద్ద గ్రేడరుని బతిమాలుతున్నాడు. మొగుడికి చిన్నప్పుడు మెట్ల మీంచి పడి నడుము కొంచెం వంగిపోయింది. నడిస్తే ఎడమ పక్కకి ఒరుగుతాడు.

"సార్, ఒక్కసారి కోసి రుచి చూడండి సార్," అన్నాడు.

పెద్ద గ్రేడరు ఆయన్ని కిందనుంచి పైకి చూశాడు. "ఏమయ్యా, నీ నడుమే తిన్నగా లేదు. నీ కాయలు ఎక్కణ్ణుంచి తిన్నగా వస్తాయి?"

ప్లాట్‌ఫారం మీద పన్నెండు మంది ఉన్నారు. పన్నెండు మందీ నవ్వారు. మొగుడు కూడా నవ్వాడు. అంత మంది నవ్వుతుంటే ఏం చెయ్యాలో తెలియని మనిషి నవ్వే నవ్వు అది. ఆ నవ్వుని ఆమె మర్చిపోలేదు.

దారిలో కాలవ గట్టు మీద లారీ ఆపి, లోడంతా పారబోశారు. తర్వాతి సీజన్‌కి మొగుడు విత్తనం వెయ్యలేదు. ఐదెకరాల్లో సగం చెల్లెలికి సాగుకిచ్చి, మిగతా సగం వదిలించుకున్నాడు. ఇప్పుడు ఒక ఆటస్థలంలో పని చేస్తున్నాడు. గడ్డికి పొద్దున రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు నీళ్ళు పెట్టడం పని. బోరు గురించి బెంగపడిన మనిషి చేత దేవుడు గడ్డికి నీళ్ళు పట్టిస్తున్నాడని ఆమె ఒకటి రెండుసార్లు అంది. ఆయన నవ్వి ఊరుకున్నాడు. ఆ నవ్వు చూస్తే ఆమెకి ఒళ్ళు మండుతుంది.

కాలవ గట్టు మీద లోడు పారబోసిన పది నెలలకి ఆమె అదే గోడౌనులో పనికి చేరింది. మొదట కడిగే తొట్టి దగ్గర, తర్వాత తూకం దగ్గర, తర్వాత గ్రేడింగు బల్ల దగ్గర. పెద్ద గ్రేడరు ఆమెని గుర్తుపట్టలేదు. గుర్తుపడితే ఏమంటాడో, తనేమనాలో ఆమె రోజూ స్నానం చేస్తూ అనుకునేది. గుర్తుపట్టకపోవడం ఒకటి జరుగుతుందని అనుకోలేదు.

తొమ్మిదేళ్ళు ఆయన్ని "సార్" అని పిలిచింది. ఆయన ఆమెకి పని నేర్పాడు, బాగానే నేర్పాడు.

"అమ్మాయ్, రైతు పై వరస మన కోసం సర్దుతాడు. కింది వరస దేవుడి కోసం సర్దుతాడు. మనం దేవుడి వరస చూడాలి."

"అలాగే సార్."

"లారీ తలుపు దగ్గర క్రేటు తియ్యకు. అది పెళ్ళిచూపుల క్రేటు."

ఆయన చేతుల్ని ఆమె బాగా గమనించింది. దుకాణాలకి వెళ్ళే క్రేట్లు ముప్ఫై నాలుగేళ్ళుగా ఆయనే సర్దేవాడు. నోరు ఎవరితోనో మాట్లాడుతూ ఉంటుంది, చేతులు మాత్రం మంచి కాయని పైకి, అంతంత మాత్రం దాన్ని కిందికి తోస్తూనే ఉంటాయి. క్రేటు కనిపిస్తే ఆగలేడు. టీ దగ్గర బిస్కెట్ల పళ్ళెం పెట్టినా అంతే, విరిగినవి అడుక్కి వెళ్ళిపోయేవి. "సారుకి స్వర్గంలో కూడా మబ్బులు సర్దే డ్యూటీ వేస్తారు," అని తూకం దగ్గర వాళ్ళు నవ్వుకునేవాళ్ళు. బిళ్ళక్క నవ్వలేదు. మనసులో పెట్టుకుంది.

ఆయన రిటైరైన రోజు కేకు కోశారు, గోడ గడియారం ఇచ్చారు. చెప్పాల్సిన మాట ఆమె ఆ రోజు కోసం దాచుకుంది. ఆయన భార్యతో వచ్చాడు. ఆవిడ బిళ్ళక్క చెయ్యి పట్టుకుని, "మీ సారు ఇంట్లో మీ పేరే చెబుతారమ్మా, నా తర్వాత ఆ అమ్మాయే అని," అంది. ఆవిడ ముందు ఆ మాట రాలేదు. బిళ్ళ ఆమె చేతికి వచ్చింది, మాట గొంతులో ఉండిపోయింది.

ఏడాది తర్వాత ఎవరో ఫోన్‌లో ఒక వీడియో చూపించారు. పెద్ద గ్రేడరు వేదిక మీద ఉన్నాడు. గుండె ఆపరేషన్ అయ్యాక మూడెకరాలు కొని మందులు లేకుండా కీరా వేస్తున్నాడట. చెయ్యెత్తి మాట్లాడుతున్నాడు. "మన కంటి సరదా కోసం భూమిని చంపుతున్నాం. వంకర కాయలో ప్రాణం ఉంటుంది, తిన్నటి కాయలో మందు ఉంటుంది." జనం చప్పట్లు కొట్టారు. బిళ్ళక్క ఆ వీడియో నాలుగుసార్లు చూసింది. ఏదో ఒక చోట, "నేను వెనక్కి పంపిన రైతులూ" అంటాడేమోనని చూసింది. అనలేదు.

"చూశావా?" అని మొగుడికి చూపించింది.

ఆయన చూశాడు. "బాగా చెప్పాడే. నిజమే కదా?"

"నీకు సిగ్గుందా?"

"నిజం ఎవడు చెబితే ఏంటే?"

ఆ పూట ఆమె అన్నం తినలేదు.

ఈ కథలో మిగతాదంతా ఈ సంవత్సరమే జరిగింది.

గోడౌనుకి కొత్త మేనేజరు వచ్చింది. ముప్ఫై ఒక్కేళ్ళ పిల్ల. అందరూ చిన్న మేడం అంటారు. వచ్చిన నెల రోజులు ఆమె ఆఫీసు గదిలో కూర్చోలేదు. గోడౌను వెనక గుంట దగ్గర నిలబడి, ప్లాట్‌ఫారం మీంచి వెళ్ళి పడే సరుకుని తూచింది. మూడు రోజులకోసారి పెద్ద లారీడు. వెనక్కి తీసుకెళ్తే డీజిలు దండగని రైతులు అక్కడే పారబోసి పోతారు. అందులో కుళ్ళింది పదో వంతు లేదు, మిగతాదంతా ఆకారం బాగోనిదే.

చిన్న మేడం హెడ్డాఫీసుతో రెండు నెలలు కొట్లాడి ఒక ప్రయోగానికి ఒప్పించింది. వంకర కీరాలకి వేరే పసుపు క్రేట్లు, పదకొండు దుకాణాల్లో వేరే అర, కొంచెం తక్కువ ధర, ఎనిమిది వారాలు. హెడ్డాఫీసు రెండు షరతులు పెట్టింది. ప్రతి గురువారం కనీసం ముగ్గురు రైతులు సరుకు తేవాలి. ఏ వారమైనా ఇద్దరే వస్తే అక్కడితో ఆపెయ్యాలి. నియమాలు గ్రేడరు రాయాలి, గ్రేడరు మాటే ఆఖరు.

ముగ్గురిని వెతకడానికే తల ప్రాణం తోకకొచ్చింది. "ఒకసారి వంకర రైతు అని పేరు పడితే, రేపు తిన్నటివి తెచ్చినా వంకర రేటే అంటారు మేడం," అని ఒకడు తప్పుకున్నాడు. "ముందు పక్కవాడు చెయ్యనివ్వండి," అని పదిమంది అన్నారు. ఆ పదిమందికీ పక్కవాళ్ళు వాళ్ళే. చివరికి ఉమ్మడిగా సాగు చేసే అన్నదమ్ములు ఒకళ్ళు దొరికారు. రెండో మనిషి బిళ్ళక్క ఆడపడుచు. మూడో మనిషి పెద్ద గ్రేడరు. తనే ఫోన్ చేసి మరీ చేరాడు.

ఆడపడుచుది మందు గొడవ. రెండున్నర ఎకరాలకీ తనే మందు కొట్టుకునేది. కొట్టిన మర్నాటికి అరచేతులు పగిలి తోలు ఊడేది. డాక్టరు ఒకసారి చెప్పాడు, ఇంకోసారి అరిచాడు. రెండేళ్ళ కిందట మానేసింది. చేతులు బాగుపడ్డాయి, కాయలు వంగాయి. అప్పటినుంచీ పంటలో మూడో వంతు గుంటకే పోతోంది. పసుపు క్రేట్ల సంగతి తెలిశాక వదిన ఇంటికి వచ్చి, వంటింటి గట్టు మీద రెండు చేతులూ చాపి చూపించింది.

"చూడు వదినా, పెళ్ళిలో కూడా ఇంత బాగా లేవు. ఇది నిలబడితే ఇక జన్మలో ఆ మందు డబ్బా ముట్టను."

"నిలబడకపోతే?"

"నోరు మంచిది చేసుకో వదినా. నిలబడకపోతే మళ్ళీ డబ్బానే. తినాలి కదా."

బిళ్ళక్క ఆ చేతుల్ని చూసింది. బాగానే ఉన్నాయంది. ఆమెకి ఆడపడుచు అంటే ఇష్టం. లారీలు వెనక్కి వచ్చిన సీజన్‌లో ఇంటికి వచ్చి పక్కన కూర్చుని ఏడ్చింది ఒక్క ఆడపడుచే.

నియమాలు రాసే పని ఒక మధ్యాహ్నం జరిగింది. చిన్న మేడం కాగితం ముందు పెట్టింది.

"చెప్పండక్కా. కుళ్ళు ఉండకూడదు. పురుగు ఉండకూడదు. పొడవు పదిహేను సెంటీమీటర్లకి తగ్గకూడదు. ఇంకేమన్నా ఉందా?"

"ఒకటుంది. పసుపు క్రేటులో అడుగునుంచి పైదాకా ఒకే రకం ఉండాలి. పైన తిన్నటివి పేర్చి కింద వంకరవి పెడితే అది మోసం. దొరికితే లోడు వెనక్కి. ఆ రైతు పేరు కొట్టెయ్యాలి."

చిన్న మేడం నవ్వింది. "వంకర కాయలు అమ్ముకోడానికి వచ్చినవాడు వాటిని ఎందుకు దాస్తాడక్కా?"

"దాచేవాడు దాస్తాడు. రాయండి."

"మొదటిసారికే కొట్టెయ్యాలా? ఒకసారి హెచ్చరించి..."

"మొదటిసారికే. లేకపోతే గ్రేడరు మాటకి విలువేముంది?"

చిన్న మేడం రాసి సంతకం పెట్టింది. ముగ్గురు రైతులకీ తలో కాపీ ఇచ్చారు. పెద్ద గ్రేడరు కూడా సంతకం పెట్టాడు. "మంచి రూలు, మా అమ్మాయి పెట్టిందా?" అని అడిగాడట.

మొదటి గురువారం ఆయన రాలేదు, పాలేరుని పంపాడు. బిళ్ళక్క మూడు పసుపు క్రేట్లు బల్ల మీద గుమ్మరించింది. పై నుంచి కింద దాకా వంకరే. రెండో గురువారమూ పాలేరే. ఈసారి ఐదు క్రేట్లు గుమ్మరించింది. అన్నీ వంకరే. పాలేరుకి సర్దే కళ లేదు, పొలంలోంచి తెచ్చి క్రేటులో ఒంపేస్తాడు. ఆ వారం పదకొండు దుకాణాల్లో పసుపు అరలు సాయంత్రానికే ఖాళీ అయ్యాయని చిన్న మేడం అందరికీ మిఠాయి పంచింది. బిళ్ళక్క తన మిఠాయి జేబులో వేసుకుంది.

"ఏంటక్కా, దిగులుగా ఉన్నారు?"

"ఏం లేదు. మీ పెద్ద సారుని ఒకసారి రమ్మనండి. ప్లాట్‌ఫారం చూసి చాలా రోజులైంది కదా."

పిలుపు వెళ్ళింది. మూడో గురువారం ఉదయం ఏడుంబావుకి పెద్ద గ్రేడరు తన లారీ క్యాబిన్‌లోంచి దిగాడు. మనిషి తగ్గాడు, చొక్కా మాత్రం అప్పటిలాగే నలగలేదు. పాత వాళ్ళందరినీ పేరుపేరునా పలకరించాడు. వెనక ఆడపడుచు లారీ, దాని వెనక అన్నదమ్ముల లారీ.

"ఏమ్మా, బాగున్నావా? పాలేరు సర్దితే దరిద్రంగా ఉంటుందని ఈసారి నేనే సర్దుకొచ్చాను," అన్నాడు.

ఆమె లారీలోకి తొంగి చూసింది. తలుపు దగ్గర క్రేటు వదిలేసింది. అడుగు వరస మూలలు వదిలేసింది, అవి ఆయన చూసే చోట్లు. మధ్య వరసలో, మధ్య క్రేటు చూపించింది. కూలీలు దింపారు.

పై వరసలో పద్నాలుగు కీరాలు, గీత గీసినట్టు తిన్నగా ఉన్నాయి.

ఆమె తొందరపడలేదు. పై వరసని ఒక్కొక్కటిగా తీసి పక్కన పెట్టింది. కింద అన్నీ వంకరవి. రెండో క్రేటు తెప్పించింది, అలాగే ఉంది. మూడోది కూడా అంతే. తిన్నటివి నలభై రెండు ఒక పక్క, వంకరవి కుప్పగా ఒక పక్క పెట్టి, చేతులు తుడుచుకుంది.

పెద్ద గ్రేడరు బల్ల వైపు చూశాడు. కాసేపటికి గాని అర్థం కాలేదు. అయ్యాక పెద్దగా నవ్వాడు.

"నా చేతులు పాడుగాను! చేతి అలవాటమ్మా, ముప్ఫై నాలుగేళ్ళది. తిన్నగా ఉన్నవి పొరపాటున వీటిలో కలిసినట్టున్నాయి, చెయ్యి దానంతటదే పైకి తీసేసింది. ఇలా ఇవ్వు, అరగంటలో కలిపేస్తాను."

"నియమం చదివారు కదా సార్."

"చదివాను. చదివితే మాత్రం? వంకర వాటి మీద మంచివి పెట్టాను, మంచి వాటి కింద రాళ్ళు పెట్టలేదు కదా."

"పైన ఒకటి, కింద ఒకటి. దీన్ని ఏమంటారో మీరే నేర్పారు నాకు."

చిన్న మేడం ఆఫీసు గదిలోంచి పరుగున వచ్చింది. బల్ల చూసింది, ఆయన్ని చూసింది. "అక్కా, దీనివల్ల నష్టపోయింది ఆయనే కదా. తిన్నటివి వంకర రేటుకి ఇస్తున్నాడు. ఇది మోసమెలా అవుతుంది?"

"రాసింది అదే కదా మేడం. సంతకం మీదే."

"ఈయన పేరు కొట్టేస్తే ఇద్దరే మిగులుతారు. ఇద్దరైతే మొత్తం ఆపేస్తారు. మీకు తెలుసు కదా?"

"తెలుసు."

వెనక లారీ క్యాబిన్ తలుపు తీసి ఆడపడుచు మెట్టు మీద నిలబడి ఉంది. మాటలు వినబడే దూరమే. బిళ్ళక్క ఒకసారి అటు చూసింది. ఆడపడుచు రెండు చేతులూ ఎత్తి వద్దన్నట్టు ఊపింది.

పెద్ద గ్రేడరు నవ్వు తగ్గించాడు. "అమ్మాయ్, నేను నిన్ను కూతురిలా చూసుకున్నాను. నా మీద నీకు ఏదో ఉంది. ఏంటది?"

పదమూడేళ్ళు దాచుకున్న మాట ఇప్పుడు బయటికి వచ్చింది. గొంతు పెంచకుండానే చెప్పింది. "పదమూడేళ్ళ కిందట నడుము వంగిన రైతొకడు ఇక్కడే మీ ముందు నిలబడ్డాడు సార్. నీ నడుమే తిన్నగా లేదు, నీ కాయలు ఎక్కణ్ణుంచి తిన్నగా వస్తాయని అడిగారు. అందరూ నవ్వారు. ఆయన మా ఆయన."

ప్లాట్‌ఫారం మీద అంతా ఆగిపోయారు. పెద్ద గ్రేడరు కళ్ళు చిన్నవి చేసి ఆలోచించాడు. నిజాయితీగానే ఆలోచించాడు, అది ఆమెకి కనిపించింది.

"నేనా? అని ఉంటాను. రోజుకి పాతిక మందిని ఏదో ఒకటి అనేవాణ్ణి. గుర్తులేదమ్మా," అన్నాడు. "తప్పయితే తప్పే. మీ ఆయన దగ్గరికి వచ్చి చెప్పమంటే చెబుతాను. కానీ దీనికీ దానికీ..."

గుర్తులేదు అన్నంత వరకే ఆమె విన్నది. క్షమాపణ వినలేదు. రిజెక్టు చీటీ పుస్తకం తీసింది, తేదీ వేసింది, లారీ నంబరు వేసింది, కారణం దగ్గర 'మోసం' అని రాసింది. కిందకి చదివి వినిపించి మరీ చింపి ఇచ్చింది.

ఆయన చీటీ తీసుకున్నాడు. ముప్ఫై నాలుగేళ్ళలో అలాంటి చీటీలు వేలల్లో చింపి ఇచ్చాడు గాని, ఒక్కటీ అందుకోలేదు. లారీ మెట్టు ఎక్కబోయి పట్టు తప్పి, డ్రైవరు భుజం పట్టుకున్నాడు. బిళ్ళక్క కళ్ళార్పకుండా చూసింది. క్యాబిన్ తలుపు పడేదాకా చూసింది. ఆ రోజు మధ్యాహ్నం డబ్బాలో అన్నం మెతుకు మిగల్చకుండా తిన్నది.

చిన్న మేడం నాలుగు రోజులు స్కూటరు మీద తిరిగింది, మూడో రైతు కోసం. ఎవరూ రాలేదు. "పెద్ద గ్రేడరంతటివాడికే మోసగాడని చీటీ ఇచ్చారు, మేమెంత మేడం?" అన్నారు. ఐదో రోజు హెడ్డాఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. షరతు నెరవేరనందున ప్రయోగం నిలిపివేయడమైనది. అందులో ఇంకో వాక్యం ఉంది. వంకర సరుకు విషయంలో రైతుల నిజాయితీపై అనుమానాలు తలెత్తినందున, ఇలాంటి ప్రతిపాదనలు ఇకపై పరిశీలించబడవు. చిన్న మేడం ఆ కాగితం బిళ్ళక్క బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది. అప్పటినుంచీ 'అక్కా' అనడం మానేసింది. 'గ్రేడరుగారూ' అంటుంది.

ఆ సాయంత్రం ఆడపడుచు ఇంటికి వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు.

"అన్నయ్య కోసం చేశావా వదినా?"

"కాక?"

"అన్నయ్యని అడిగావా?"

వంటింటి గుమ్మంలో మొగుడు నిలబడి ఉన్నాడు. ఆటస్థలంలోంచి అప్పుడే వచ్చాడు, ప్యాంటు మోకాళ్ళ దాకా తడి. "నన్ను లాగకండి మధ్యలో," అన్నాడు. ప్యాంటు అంచు పిండుకుంటూ, "కాయలు ఎలా ఉన్నాయి?" అని అడిగాడు.

"ఏ కాయలు?" అంది బిళ్ళక్క.

"ఆయనవి. రంగు ఎలా ఉంది?"

"బాగానే ఉన్నాయి."

"ముదురాకుపచ్చా?"

"ఆఁ."

"అయితే నీళ్ళు సరిగ్గానే పెట్టాడు. ఎండకి వంగి ఉంటాయి." ఆయన గ్లాసు ముంచుకుని నీళ్ళు తాగాడు. "మంచి పంట పారబోశారన్నమాట."

"నిన్ను అన్న మాట గుర్తుందా నీకు?" అని అరిచింది ఆమె.

"ఎందుకుండదు? పన్నెండు మంది నవ్వారు." గ్లాసు బోర్లించాడు. "ఇవాళ ఎంతమంది నవ్వారు?"

"ఒక్కరూ నవ్వలేదు."

"అదీ తేడా," అంది ఆడపడుచు. చెప్పులు వేసుకుని, "నవ్వినా బాగుండేది వదినా. నీ చేతిలో చీటీ పడాల్సింది ఒక్కడికి. ముగ్గురికి పడింది," అనేసి వెళ్ళిపోయింది.

రెండు వారాల తర్వాత తూకం దగ్గర పనిచేసే ఆవిడ ఒక వార్త తెచ్చింది. పెద్ద గ్రేడరు తన కీరాలు పొద్దున నడకకి వచ్చేవాళ్ళకి సంచుల్లో పెట్టి ఊరికే పంచుతున్నాడట. మనిషి హుషారుగా ఉన్నాడట. పెన్షను వస్తుంది, పొలం సరదాకే కదా అంటున్నాడట. గోడౌనులో జరిగింది కథగా చెబుతున్నాడట కూడా, చేతుల అలవాటు గురించి, నవ్విస్తూ.

బిళ్ళక్క బిళ్ళని తుడుస్తూ విన్నది. "నా పేరు చెబుతున్నాడా?"

"లేదక్కా. ఎవరో గ్రేడరమ్మ అంటున్నాడట."

ఆ రోజు ఆమె చేతిలో పదకొండు లోడ్లు వెనక్కి వెళ్ళాయి. అంతకుముందు ఎప్పుడూ రోజుకి మూడు దాటేవి కాదు. రాత్రి మొగుడు, "ఇక చాలా?" అని అడిగాడు. "చాలలేదు," అంది. రేపు పెద్ద గ్రేడరు మళ్ళీ లారీ తెచ్చి నిలబెడితే మళ్ళీ అదే చీటీ ఇస్తానంది. పడుకునేముందు ఇంకోసారి అంది.

ఆడపడుచు ఆరు వారాలు ప్లాట్‌ఫారం వైపు రాలేదు. ఏడో వారం కొత్త పంట తెచ్చింది. రెండు చేతులకీ మణికట్టు దాకా గుడ్డ చుట్టుకుని ఉంది. బిళ్ళక్క ఐదు క్రేట్లు చూపించింది, ఒక్కోదానిలోంచి నాలుగు కాయలు తీసి పలక మీద పెట్టింది. అంగీకార చీటీ మీద సంతకం డ్రైవరుని పెట్టమంది ఆడపడుచు.

లోడులో ఉన్నవి నలభై క్రేట్లు. నలభైకి నలభై పాసయ్యాయి.